చెయ్యి వాడిదే కావాలి

మీ అక్కనడిగి ఒక చెంపపిన్ను తెచ్చుకోండి. లాక్కోవద్దు, అడగండి. దాన్ని కొంచెం విడదీసి, రెండు కొసల మధ్య చిటికెనవేలి గోరంత ఎడం ఉంచండి. ఒకరు కళ్ళు మూసుకోవాలి. ఇంకొకరు ఆ రెండు కొసల్నీ ఒకేసారి వాడి చూపుడువేలి కొనమీద మెల్లగా ఆనించాలి. ఎన్నిరా అంటే తడుముకోకుండా "రెండు" అంటాడు. అదే పిన్నును, అంతే ఎడంతో, చొక్కా ఎత్తి వీపుమీద ఆనించండి. "ఒకటే తాతా" అంటాడు.

వాడు అబద్ధమాడటం లేదు. వేలికొనమీద 2, 3 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు చుక్కల్ని కూడా మన ఒళ్ళు విడివిడిగా పసిగడుతుంది. వీపుమీద అయితే దాదాపు 4 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, అప్పుడుగానీ రెండని తెలియదు. వేళ్ళ కొనల్లో స్పర్శ నరాల మొనలు కిక్కిరిసి ఉంటాయి, వీపుమీద అక్కడొకటి ఇక్కడొకటి. 1937లో కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే మెదడు డాక్టరు ఇంకో సంగతి అచ్చువేయించాడు. ఆయన మెదడు ఆపరేషన్ చేసేటప్పుడు రోగి మెలకువగానే ఉండేవాడు, ఎందుకంటే మెదడుకు నొప్పి తెలియదు. ఆయన మెదడు పైపొరను సన్నని కరెంటుతో అక్కడక్కడ తాకుతూ "ఎక్కడ తెలుస్తోంది?" అని అడుగుతూ పోయాడు. ఇక్కడ తాకితే బొటనవేలు, ఇక్కడైతే పెదవి, ఇక్కడైతే మోకాలు. అలా అందరి జవాబులూ కలిపి ఒక పటం తయారైంది. అందులో వేళ్ళకూ పెదవులకూ ఉన్నంత జాగా, అంత పెద్ద వీపుకు లేదు. ఆ లెక్కన మనిషి బొమ్మ గీస్తే చేతులు చేటలంత, మూతి బెత్తెడు, వీపు బీడికట్టంత వస్తుంది. ఆ బొమ్మ చూస్తే మీరు పడీపడీ నవ్వుతారు.

దీనికీ మన చిన్నపిల్లలకీ ఏం సంబంధమంటారా, వస్తున్నా.

మన ఊరు మంగళవాడ అనే ఏముంది, ఏ ఊళ్ళోనైనా నాలుగు వీధులు తిరిగితే ఒక ఇంట్లో అలాంటి పాపో బాబో ఉంటారు. ఒకడికి మూడేళ్ళొచ్చినా కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, కూర్చోబెడితే ఒరిగిపోతాడు. ఇంకొకడు నడుస్తాడు, పరుగెత్తుతాడు, పేరుపెట్టి పిలిస్తే మాత్రం తిరిగి చూడడు, బోర్లించిన సైకిలు చక్రం ముందు కూర్చుని పొద్దంతా తిప్పుతాడు. ఇంకో పాప ఎవరిని చూసినా నవ్వుతుంది, ఒళ్ళు మెతక, ఏడాదిన్నర దాటినా లేచి నిలబడలేదు. డాక్టర్లు ఒకదాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు, ఒకదాన్ని ఆటిజం అంటారు, ఒకదాన్ని డౌన్ సిండ్రోమ్ అంటారు. పేర్లూ వేరు, కారణాలూ వేరు. ఇళ్ళల్లో జరిగేది మాత్రం తరచుగా ఒకటే. పాపం, వాడికి చేతకాదులే అని అన్నం మనమే పెడతాం, చెంబు మనమే ఎత్తుతాం, గుండీ మనమే పెడతాం. పలకమీద అ దిద్దించాలంటే వాడి పిడికిలి మన పిడికిట్లో పెట్టుకుని మనమే దిద్దుతాం. అ బ్రహ్మాండంగా వస్తుంది, వాడి చూపు మాత్రం గోడమీది బల్లి దగ్గర ఉంటుంది.

అలా చేస్తే నేర్చుకోడా తాతా? చాలా తక్కువ. ఎందుకో చెప్పేముందు ఇంకో చిన్న ప్రయోగం. మీ అరికాలికి మీరే కితకితలు పెట్టుకోండి. రావు కదా! పక్కవాణ్ణి పెట్టమనండి. చూశారా, ఎట్లా ఎగిరాడో. కాలు అదే, గీకుడు అదే, మరి తేడా ఎక్కడుంది? మెదడు చేతికి "గీకు" అని హుకుం పంపేటప్పుడే దాని నకలొకటి తన దగ్గర ఉంచుకుంటుంది. ఇప్పుడు అరికాల్లో ఇలా తెలియబోతోంది అని ముందే ఒక అంచనా వేసుకుంటుంది. అంచనా ప్రకారమే కబురొస్తే ఇది నా పనే అని పెద్దగా పట్టించుకోదు. 1998లో లండన్‌లో బ్లేక్‌మోర్, ఆమె తోటివాళ్ళు మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ఈ కితకితల్ని పరీక్షించారు. తమకు తాము పెట్టుకున్నప్పుడు ఒకలాగా, ఎవరో పెట్టినప్పుడు ఇంకోలాగా మెదడు స్పందించడం, ఆ అంచనా పనిలో చిన్నమెదడుకు భాగముండటం వాళ్ళకు కనిపించింది.

నేర్చుకోవడమంతా ఆ అంచనా దగ్గరే ఉంది. ఇట్లా నొక్కితే ఇట్లా అవుతుందనుకున్నాను, అట్లా అయింది, సరే ఈసారి ఇంకొంచెం గట్టిగా నొక్కుతా. బిడ్డ తనంతట తాను చెయ్యి చాచినప్పుడే ఈ హుకుమూ, అంచనా, సరిచూసుకోవడమూ మూడూ జరుగుతాయి. మనం చెయ్యిపట్టి చేయిస్తే మొదటి రెండూ మన బుర్రలో జరుగుతాయి, వాడికి మిగిలేది చెయ్యి ఊగడం. వాడి బదులు మనం సంగటి తింటే వాడి కడుపు నిండుతుందా?

ఈ మాటను పిల్లిపిల్లలమీద తేల్చారు. 1963లో అమెరికాలో హెల్డ్, హైన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగమిది. పుట్టినప్పటినుంచి చీకట్లో పెరిగిన పిల్లిపిల్లల్ని జతలు జతలుగా తీసుకున్నారు. గుండ్రటి గదిలో చిన్న రంగులరాట్నం పెట్టారు. గోడలకు నిలువు చారలు. రాట్నం కర్రకు ఒక కొసన ఒక పిల్లిని కట్టారు, దాని కాళ్ళు నేలమీద ఉంటాయి, ఇష్టమొచ్చినట్టు నడవొచ్చు. రెండో కొసన బుట్టలో రెండోదాన్ని కూర్చోబెట్టారు, దాని కాళ్ళు నేలకు తగలవు. మొదటిది ఎటు నడిస్తే రెండోది అటు తిరుగుతుంది. రోజూ మూడేసి గంటలు. రెండింటి కళ్ళకూ కనపడింది ఒకటే, అవే చారలు, అదే వెలుతురు, అంతే సేపు. తేడా ఒక్కటే, ఒకటి నడిచింది, ఇంకొకటి మోయించుకుంది.

తర్వాత పరీక్ష పెట్టారు. గాజుపలక కింద ఒకవైపు నేల దగ్గరగా, ఇంకోవైపు లోతుగా కనపడేటట్టు చేసి పిల్లుల్ని మధ్యలో వదిలారు. నడిచిన పిల్లులు లోతువైపు పోలేదు. బుట్టలో తిరిగినవాటికి లోతుకూ మెరకకూ తేడా తెలియలేదు. మొహం మీదికి ఏదైనా దూసుకొస్తే రెప్ప కూడా వేయలేదు. కళ్ళు బాగానే ఉన్నాయి, చూపుకూ ఒంటికీ లంకె పడలేదు, అంతే. ఈ కథకు రెండో సగం చాలామంది చెప్పరు. ఆ బుట్ట పిల్లుల్ని వెలుతురున్న గదిలో స్వేచ్ఛగా తిరగనిచ్చారు. 48 గంటల్లో అవీ సర్దుకున్నాయి. మన పిల్లలకు రెండు రోజుల్లో అన్నీ వచ్చేస్తాయని దీనర్థం కాదు, పిల్లి వేరు, మనిషి వేరు. కానీ చంకలోనే పెరుగుతున్న ఐదేళ్ళ పిల్లోణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ బుట్ట గుర్తొస్తుంది. వాళ్ళమ్మ ప్రేమతోనే ఎత్తుకుంది, అందులో సందేహం లేదు.

మనిషి పిల్లలతోనూ చేశారు, ముద్దొచ్చే ప్రయోగం. మీ బూట్లకు చర్రున ఊడే పట్టీ ఉంటుందే, వెల్‌క్రో, దాన్ని చంటిపిల్లల చేతితొడుగుకు కుట్టారు. మూడు నెలల బిడ్డకు వస్తువు పట్టుకోవడం రాదు. ఈ తొడుగేసుకుని చెయ్యి విసిరితే బొమ్మ అంటుకుని పైకొస్తుంది. రోజుకు పదేసి నిమిషాలు, రెండు వారాల పాటు ఆడించారు. ఆ తర్వాత తొడుగు తీసేసినా ఆ పిల్లలు వస్తువుల్ని ఎక్కువసేపు చూశారు, ఎక్కువసార్లు అందుకోబోయారు. ఏమీ నేర్పలేదు వాళ్ళకు. నా చెయ్యి కదిలితే లోకంలో ఏదో జరుగుతుందన్న సంగతి తెలిసింది, అంతే. ఎమీ నీడమ్ అనే ఆవిడ, ఆమె తోటివాళ్ళు 2002లో ఈ సంగతి అచ్చువేశారు.

మనకు వెల్‌క్రో తొడుగులెందుకు, అనపకాయలున్నాయి. సంక్రాంతి ముందర సంతలో గుట్టలుగా పోస్తారు, అవ్వ గింజలు వలిచి నానబోస్తుంది, మర్నాడు చేట ముందు పెట్టుకుని పితుకుతుంది. ఆ గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కడం ఎప్పుడైనా పరకాయించి చూశారా? తొక్క జారుతుంది, వేళ్ళకు తడి, కాస్త జిగురు. మెల్లగా నొక్కితే ఏమీ కాదు. ఇంకొంచెం నొక్కితే లోపల పప్పు కదిలినట్టు వేలికి ముందే తెలుస్తుంది. మరికొంచెం నొక్కగానే తొక్క కొస చిట్లి పప్పు తుప్పున ఎగిరి చేటలో టప్పుమని పడుతుంది. వేళ్ళ మధ్య ఉత్త తొక్క మిగులుతుంది. పప్పు బయటికొచ్చిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు, శభాష్ అని చప్పట్లు కొట్టక్కర్లేదు. గింజే చెప్పేస్తుంది.

రెండు వేళ్ళ కొనలతో పట్టుకోవడం మామూలుగా తొమ్మిదో పదో నెలలో వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు కండరాల బిగి తక్కువ, కీళ్ళు వదులు, వేళ్ళు పొట్టి, అందుకని ఆలస్యమవుతుంది. ఆ పాప మొదట అరచేత్తో నలుపుతుంది, నలపనివ్వండి, అదీ పితకడమే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబుకు బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుని ఉండొచ్చు. వాడు నానిన గింజల గిన్నెలో చెయ్యి ముంచి కదిపితే చాలు, బలవంతంగా వేళ్ళు విప్పితే ఇంకా బిగుస్తాయి. ఆటిజం ఉన్న పిల్లోడు తడి తగలగానే కెవ్వున అరవొచ్చు. మొండితనం కాదది, కొందరికి తడీ జిగురూ నిజంగానే భరించరానంతగా తెలుస్తాయి. వాడికి నానబోయని పొడి గింజలివ్వండి, చేటలో గలగల పోసుకోనీ, ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి వంచుకోనీ. తడి దగ్గరికి వాడే వస్తాడు, రాకపోతే లేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఖచ్చితంగా పాటించాలి. మూడేళ్ళు నిండని పిల్లల దగ్గర, ఎంత వయసొచ్చినా చేతికందింది నోట్లో పెట్టుకునే పిల్లల దగ్గర గింజలు, శెనక్కాయలు, చింతపిక్కలు పెట్టొద్దు. ఊపిరిగొట్టంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. వాళ్ళకు సంగటి ముద్దంత పిండి, చెక్క గరిటె, కొబ్బరి చిప్ప, పెద్ద పెద్ద డబ్బాలు. మిగతావాళ్ళ దగ్గరా ఒక పెద్దమనిషి కూర్చునే ఉండాలి.

డబ్బాలంటే గుర్తొచ్చింది. మాంటిస్సోరి బడి అనే బోర్డు మీరు తుమకూరులోనో బెంగళూరులోనో చూసే ఉంటారు. డబ్బున్నవాళ్ళ పిల్లల బడి అనుకుంటారు చాలామంది. అసలది పుట్టింది ఇదిగో ఇలాంటి పిల్లల కోసమే. మరియా మాంటిస్సోరి ఇటలీలో 1896లో డాక్టరు పట్టా పుచ్చుకుంది, ఆ రోజుల్లో ఆడవాళ్ళకు అదే పెద్ద సాహసం. రోములో పిచ్చాసుపత్రులకు పోయేది. ఎదుగుదల తక్కువున్న పిల్లల్ని అప్పట్లో అక్కడే, పెద్దరోగుల మధ్యే పడేసేవాళ్ళు. ఒక గదిలో పిల్లలు అన్నం తిన్నాక నేలమీద పాకుతూ రొట్టె ముక్కల పొడి ఏరుకుంటున్నారు. చూడండి ఎంత తిండిపోతులో అని ఆయా చీదరించుకుందట. మాంటిస్సోరి గది నాలుగు మూలలా చూసింది. ఒక బొమ్మ లేదు, ఒక పుల్ల లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆకలి కడుపులో కాదు, వేళ్ళలో ఉందని ఆమెకు తోచింది.

అప్పుడామె పాత పుస్తకాలు తిరగేసింది. ఫ్రాన్స్‌లో ఇతార్ అనే డాక్టరు 1800 ప్రాంతంలో అడవిలో దొరికిన విక్టర్ అనే పిల్లోడికి మాటలు నేర్పాలని ఏళ్ళతరబడి ప్రయత్నించాడు. మాట పెద్దగా రాలేదు, కానీ విడి అక్షరాలు చేత్తో పేర్చి పాలు కావాలని అడగడం వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న సెగాన్ గుండీలు పెట్టే చట్రాలు, మేకులు గుచ్చే పలకలు చేసి ఇలాంటి పిల్లల కోసమే బడి నడిపాడు. ఆ ఇద్దరి పుస్తకాల్నీ మాంటిస్సోరి తన చేత్తో ఎత్తిరాసుకుంది. 1900లో రోములో బడి మొదలైతే ఆమె పిల్లల్లో కొందరు మామూలు పిల్లల పరీక్షలే రాసి నెగ్గారు. ఊరంతా మెచ్చుకుంటుంటే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది, ఈ పిల్లలే ఇంత చేస్తే మామూలు బళ్ళలో పిల్లలు ఇంతకన్నా ఎందుకు చేయడంలేదు అని. 1907 జనవరి 6న పేదవాడలో పెట్టిన పిల్లల ఇల్లు ఆ ఆలోచనలోంచి వచ్చిందే.

మనకు దగ్గరి సంగతొకటి ఉంది. 1939 నవంబరులో ఆమె కొడుకు మారియోతో కలిసి మద్రాసులో దిగింది, అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు పిలిస్తే. మొదటి శిక్షణకే సుమారు 300 మంది వచ్చారు. ఇంతలో రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ ఇంగ్లీషువాళ్ళకు ఎదురు చేరింది, ఇటలీవాళ్ళంతా శత్రువులైపోయారు, కొడుకును అహ్మద్‌నగర్‌లో బంధించారు. ఆమె 70వ పుట్టినరోజు వచ్చింది 1940 ఆగస్టు 31న. ఆ సందర్భంగా వైస్రాయి ప్రభుత్వం అతన్ని వదిలింది. ఆమె మధ్యలో కొన్నాళ్ళు కొడైకెనాల్‌లో ఉండి 1946 దాకా ఈ దేశంలోనే టీచర్లను తయారుచేసింది. మన తెలుగు దేశంలో విజయవాడలో కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి బడి పెట్టారు, 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా బాగానే ఉంది కానీ, బుద్ధి ఎదగని పిల్లల కోసం పుట్టిన పద్ధతికి పెద్ద ఫీజులు కట్టించుకుంటూ, అలాంటి పిల్లోణ్ణి తీసుకుపోతే మా దగ్గర కుదరదండీ అనే బళ్ళు లేకపోలేదు. ఆవిడ చూస్తే ఏమనేదో!

ఆమె చెక్కదిమ్మలు మీకు చూపించాలి. ఒక పొడుగాటి చెక్కలో 10 గుంటలు, 10 గుండ్రటి దిమ్మలు, ఒక్కోటీ ఒక్కో లావు. లావుదాని గుంటలో సన్నదాన్ని వేస్తే పడుతుంది, తప్పని తెలియదు. చివరికి ఒక లావు దిమ్మ చేతిలో మిగిలిపోతుంది, పెట్టడానికి గుంట లేదు. అప్పుడు బిడ్డ తనే అన్నీ తీసి మళ్ళీ మొదలుపెడుతుంది. పంతులమ్మ తప్పు అనలేదు, మొహం ముడుచుకోలేదు. మన ఇంట్లో ఒకదాన్లో ఒకటి ఇమిడే స్టీలు డబ్బాలు అచ్చం ఈ పనే చేస్తాయి. మూతకు మూత తగలకపోతే డబ్బాయే చెప్తుంది.

ఇప్పుడు మాట సంగతి. నడవడం, పట్టుకోవడం సరే, మాట రాని పిల్లోడితో ఏం చేయాలి తాతా అంటారు. అందరూ చేసేదేమిటంటే, వాడు చక్రం తిప్పుతుంటే గడ్డం పట్టుకుని మన వైపు తిప్పి "ఇదేమిటి? బంతి! బంతి అను!" అంటారు. 1986లో టొమసెల్లో, ఫారర్ అనే ఇద్దరు చిన్నపిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువుకు పేరు చెబితే ఆ మాట బాగా నిలిచింది. చూపు మళ్ళించి ఇంకో వస్తువు చూపి పేరు చెబితే అంతగా నిలవలేదు. అంటే వాడు చక్రం చూస్తుంటే మనం చక్రం దగ్గరికి పోవాలి. పక్కన గొంతుక్కూర్చుని, తిరిగినప్పుడు "తిరుగుతోంది", ఆగినప్పుడు "ఆగింది" అనాలి. అని, నోరు మూసుకోవాలి. మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది లెక్కపెట్టడమే పెద్దవాళ్ళకు చేతకాదు, మూడు దగ్గరే నోరు తెరుస్తారు. ఆ ఖాళీలో వాడు ఒక్కసారి మీ మొహం వైపు చూస్తే, అదే వాడి మాట. మళ్ళీ తిప్పండి.

ఈ పద్ధతిని మన దేశంలోనూ పక్క దేశంలోనూ పరీక్షించారు కూడా. గోవాలోనూ పాకిస్తాన్ రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలు, 2 నుంచి 9 ఏళ్ళవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకు పోయింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. అమ్మానాన్నలు పిల్లలతో ఆడుకునేటప్పుడు వీడియో తీసి, వాళ్ళకే చూపించి, ఇదిగో ఇక్కడ బిడ్డ మీ వైపు చూశాడు, మీరు గమనించలేదు అని చెప్పేవాళ్ళు. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే పత్రికలో వచ్చాయి. ఆటిజం పోయిందని ఎవరూ అనలేదు. తల్లిదండ్రులు బిడ్డ దారిన పోవడం పెరిగింది, పిల్లలు తామే ముందుగా పలకరించడం పెరిగింది. పూర్తిగా నయం చేస్తాం, ఇంత ఇవ్వండి అని బోర్డు పెట్టేవాళ్ళ దగ్గరికి పోయేముందు ఈ ఫలితాన్ని గుర్తు తెచ్చుకోమని మీ అమ్మకు చెప్పండి.

మన తాలూకాకు ప్రత్యేకమైన సందేహం ఒకటుంది. పావగడ కర్ణాటకలో ఉంది, మూడువైపులా ఆంధ్ర నేల. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో కన్నడ. మాటే రాని బిడ్డకు రెండు భాషలా, ఒకటి మానేయండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువ. అక్కర్లేదు. డౌన్ సిండ్రోమ్ ఉండి రెండు భాషల మధ్య పెరిగే పిల్లల్ని కెనడాలో పరీక్షించి 2005లో ఫలితాలు చెప్పారు, ఒకే భాష విన్న అలాంటి పిల్లలకన్నా వీళ్ళు వెనకబడలేదు. అవ్వ తెలుగులో జోలపాడనీ, టీచరమ్మ కన్నడలో లెక్కపెట్టనీ. అవ్వ నోరు కట్టేస్తే బిడ్డకు నష్టమేగానీ లాభం లేదు.

కూర్చోలేని బిడ్డ సంగతి త్వరగా చెప్పేస్తా. నడుము నిలవకపోతే చేతులు నేలకు ఊతగా అయిపోతాయి, ఇక ఆడుకోవడానికి చేతులుండవు. గోడ మూలలో కూర్చోబెట్టి, రెండు పక్కలా చుట్టిన దుప్పటి, తొడల మధ్య చిన్న మూట పెడితే చేతులు ఖాళీ అవుతాయి. మెక్సికోలో అహోయా అనే పల్లెలో వికలాంగులతో కలిసి పనిచేసిన డేవిడ్ వెర్నర్ 1987లో ఒక లావాటి పుస్తకం అచ్చువేశాడు, పల్లెటూళ్ళలో దొరికే చెక్కా మట్టీ తాళ్ళతో ఇలాంటి ఆసరాలు చేసుకోవడం ఎట్లాగో బొమ్మలు గీసి మరీ. అందులో మీ గురించి కూడా ఉంది. మీ గురించంటే, అన్నల, అక్కల గురించి. 1978లో లండన్‌లో డేవిడ్ మోర్లీ అనే పిల్లల డాక్టరు, ఆయన తోటివాళ్ళు పిల్లల నుంచి పిల్లలకు అని ఒక ఉద్యమం మొదలుపెట్టారు. పల్లెల్లో చంటిబిడ్డల్ని చూసుకునేది ఎవరు? పెద్దపిల్లలే. అందుకని ఏది నేర్పినా ముందు వాళ్ళకే నేర్పాలన్నారు. నేను మీ అమ్మల్ని వదిలేసి మిమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టింది అందుకే. మీకు ఓపిక తక్కువైనా, ఆడటం వచ్చు. పెద్దవాళ్ళు ఆట మరిచిపోయి పాఠం చెప్పేస్తారు.

మరి డాక్టరు వద్దా? కావాలి, త్వరగా కావాలి. పావగడలో శనీశ్వరుడి గుడికి ఎక్కడెక్కడినుంచో వస్తారు, మీ ఇంట్లోనూ నువ్వులనూనె పోస్తారు, పోయండి, నేనేమీ అనను. నూనె పోసి వచ్చేదారిలో ఆసుపత్రికి కూడా పోండి. ఇంకొందరు ఇదంతా మన బోరునీళ్ళ ఫ్లోరైడు వల్లే అంటారు. మన నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నమాట నిజం, పళ్ళనూ ఎముకల్నీ పాడుచేసేమాటా నిజం. కానీ మాటా నడకా ఆలస్యమైన ప్రతి బిడ్డకూ అదే కారణమని తేల్చేసి ఇంట్లో కూర్చుంటే, చెవి వినపడకపోవడమో థైరాయిడ్ లోపమో ఉన్నా బయటపడదు. ఆ రెండూ తొందరగా పట్టుకుంటే చాలా మేలు జరిగేవే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. పేరు రాసుకుని జిల్లా కేంద్రానికి పంపాలి. తుమకూరు దాదాపు నూరు కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోతుంది, తెలుసు. అయినా పోవాలి.

చట్టంలో ఒక చిక్కుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత చదువు హక్కునిచ్చింది 6 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు. మెదడు చురుగ్గా అల్లుకునే మొదటి ఆరేళ్ళ భారం అంగన్‌వాడీ టీచరమ్మ మీద పడింది. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక పద్ధతి రాసి ఇచ్చింది, ముందే గుర్తించడం, మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం, ఆశా కార్యకర్త ద్వారా ఆసుపత్రికి పంపడం. కాగితం బాగుంది. పోషణ లెక్కలు, ఫోనులో ఫోటోలు, పప్పు ఉప్పు అన్నీ చూసుకునే ఆ ఒక్క మనిషికి ఇది కూడా అప్పజెప్పారు మరి, మీరు పోయి ఒక చెయ్యి వేస్తే సంతోషిస్తుంది.

తెలుగులో అడిగి తెలుసుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల తెరిచిన చిన్నపిల్లల కేంద్రాల్లో ఒకటి అక్కడే. వాళ్ళు తయారుచేసిన బోధన సామగ్రి పెట్టె 'అడిప్' అనే కేంద్ర పథకం కింద ఇస్తారు. పెట్టె ఇంటికొస్తే పాడవుతుందని అటకెక్కించకండి, పాడవడానికే ఇచ్చారు. దగ్గర్లో కావాలంటే అనంతపురం వైపు, 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన ఆర్‌డీటీ అనే సంస్థ వాళ్ళకు ఇలాంటి పిల్లల బళ్ళున్నాయి.

ఎన్నాళ్ళకు వస్తుంది తాతా అని అడిగింది ఇందాక ఎవరు, నువ్వేనా అమ్మణ్ణీ? ఒక లెక్క ఉంది. 2001లో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న చంటిపిల్లల్ని చిన్న ట్రెడ్‌మిల్ మీద, అంటే కాళ్ళ కింద జరిగిపోయే పట్టామీద, అమ్మానాన్నలు చంకలకింద పట్టుకుని నిలబెట్టారు. రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు. పట్టా జరుగుతుంటే అడుగు మాత్రం బిడ్డే వేయాలి. ఆ పిల్లలు మిగతావాళ్ళకన్నా సగటున 101 రోజుల ముందు సొంతంగా నడిచారు. మీ చెల్లికి ఎన్ని రోజులో నేను చెప్పలేను, ఆమె డాక్టరూ చెప్పలేడు. సగటనేది గుంపు లెక్క, ఒక్క బిడ్డ లెక్క కాదు.

సరే, చీకటి పడకముందే ఇళ్ళకు పోయి మొదలుపెట్టండి. చాపమీద నాలుగే వస్తువులు పెట్టండి, పది పెడితే చిన్నపిల్లలు ఏదీ పట్టుకోరు. రెండు స్టీలు డబ్బాలు మూతలతో, ఒక చెక్క గరిటె, ఒక గుడ్డ. మీరు ఎదురుగా, వాళ్ళ కళ్ళ ఎత్తుకు సరిపోయేటట్టు బోర్లా పడుకోండి. ఏమీ అందివ్వొద్దు. మూత తీసుకుని అరగంటసేపు నేలకేసి కొట్టినా కొట్టనీండి, మీరూ ఇంకో మూత తీసుకుని అదే తాళంలో కొట్టండి. వాడు ఆపితే మీరూ ఆపండి, మళ్ళీ కొడతాడేమో చూడండి. ముఖం తిప్పుకుంటే ఆ పూటకు అంతే, బతిమాలొద్దు. అవ్వకు ముందే చెప్పి తీసుకోండి డబ్బాలు. పోపుల డబ్బా జోలికి మాత్రం పోకండి, ఆవాలూ మెంతులూ కలిపేస్తే ఏరడానికి నన్ను కూర్చోబెడుతుంది.